మంచు మీద గరుసు రోడ్డు

పొద్దున లేవగానే కర్రతో టైర్లు కొట్టి చూడటం లారీ క్లీనర్ల పని. ముప్పై మూడేళ్లు రోడ్లు భవనాల శాఖలో పనిచేసి డిప్యూటీ ఈఈగా రిటైరైన నేను ఆ పనిని అరవై రెండో ఏట, కెనడా ఉత్తరపు కొసన నేర్చుకున్నాను. గాలి నిండుగా ఉన్న టైరు ఖంగుమంటుంది. తగ్గినది దబ్బుమంటుంది. మా బండికి వెనక ఇరుసు మీద అటు రెండు, ఇటు రెండు జంట టైర్లు. జంటలో లోపలిదానికి గాలి పోయినా పైకి తెలియదు. బయటిది దాని బరువు కూడా మోస్తూ వేడెక్కి, చివరికి రెండూ పోతాయి. అందుకని ఆ పది రోజులూ నేను పళ్లు తోముకోకముందే కర్ర పట్టుకున్నాను.

బండి అంటే మోటార్ హోమ్. 24 అడుగుల పొడవు, లోపల రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది. కాల్గరీలో ఉండే మా అమ్మాయి దాన్ని ‘ఆర్‌వీ’ అంటుంది. మా ఆవిడ మొదటిరోజే ‘ఇల్లు’ అనేసింది, ఆ పేరే నిలిచింది. ‘ఇంటికి పెట్రోలు పోయించావా అమ్మా?’ అని ఆవిడ అడుగుతుంటే పక్క బండ్లవాళ్లకు తెలుగు రాకపోవడం మా అదృష్టం. ఈ ఇల్లు లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా ఇవ్వదు.

యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌లో అద్దెకు తీసుకున్నాం. మేం వెళ్లేది డెంప్‌స్టర్ హైవే అనగానే అద్దె ఆఫీసులో వాళ్ల మొహం మారింది. ఆ రోడ్డు మీదికి బండి ఇవ్వాలంటే అదనంగా కట్టాలన్నారు, కట్టాం. అద్దం మీద రాయి పడితే మాదే బాధ్యత అన్నారు, ఒప్పుకున్నాం. స్టెప్నీ ఒక్కటే ఇచ్చారు, అదీ సగం అరిగినది. నేను ఒప్పుకోలేదు. గంటసేపు వాదించాక, గోదాంలో వెతికి రెండోది తెచ్చి వెనక మంచం కింద పడేశారు. అమ్మాయికి సిగ్గేసింది. ‘నాన్నా, ఇక్కడ అలా బేరమాడరు’ అంది. టైరుకూ మర్యాదకూ సంబంధం లేదని చెప్పాను.

వైట్‌హార్స్ నుంచి ఒక రోజు ప్రయాణం డాసన్ సిటీ. 1896లో బంగారం దొరికి, వేలమంది ఎగబడి వచ్చిన ఊరు. ఇప్పుడు చెక్క ఇళ్లూ, చెక్క కాలిబాటలూ, మట్టి వీధులూ. ఆ ఊరికి ఇంకా 40 కిలోమీటర్లు ఉందనగా కుడివైపు ఒక దారి చీలుతుంది. అదే డెంప్‌స్టర్. అక్కడినుంచి ఇనువిక్ ఊరు 736 కిలోమీటర్లు. మొదటి పెట్రోలు బంకు 369వ కిలోమీటరు దగ్గర. మధ్యలో ఊరు లేదు, ఇల్లు లేదు, ఫోను సిగ్నలు లేదు. మలుపు తిరిగిన కాసేపటికి తారు అయిపోయింది. గరుసు మొదలైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. సర్వీసులో సగం గరుసు రోడ్ల మీదే గడిపినవాణ్ని.

కాసేపు ఈ రోడ్డు సంగతి చెప్పాలి. చదివేవాళ్లు కొండలెప్పుడొస్తాయని విసుక్కోవద్దు, వస్తాయి.

మాది నంద్యాల. నల్లరేగడి మీద రోడ్లు వేసినవాళ్లకు తెలుస్తుంది, ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పైన ఎంత మంచి తారు వేసినా కింద నేల కదిలితే రెండేళ్లకు అలలు లేస్తాయి. ఉద్యోగంలో చేరినప్పుడు మా పెద్ద ఇంజనీరు నేర్పిన మొదటి పాఠం: గట్టి నేల తగిలేదాకా తవ్వు, రేగడి తీసేయ్, గరుసు నింపు, రోలర్ తిప్పు. ఆ పాఠం డెంప్‌స్టర్ మీద పనికిరాదు. ఇక్కడ పైపొర కింద ఏళ్ల తరబడి మంచుతో గడ్డకట్టి కరగని నేల ఉంది. దాన్ని పర్మాఫ్రాస్ట్ అంటారు. గడ్డకట్టి ఉన్నంతకాలం అది సిమెంటులా గట్టి. దానిమీద దుప్పటిలా నాచు, పీచునేల పరుచుకుని ఎండాకాలపు వేడిని కిందికి దిగనివ్వవు. మా పద్ధతిలో ఆ నాచు చెక్కి, కొంచెం తవ్వి చదును చేశామే అనుకోండి, కింద మంచు కరిగి నేల బురదగుంట అవుతుంది. రోడ్డు మునుగుతుంది.

అందుకని ఇక్కడివాళ్లు తవ్వలేదు. నాచు మీదే గరుసు పోశారు. 1.2 మీటర్ల నుంచి 2.4 మీటర్ల దాకా మందం, అంటే కొన్నిచోట్ల నిలువెత్తు దాటి. ఆ మందమంతా బండ్ల బరువు కోసమనుకున్నాను మొదట. చలిని కింద పట్టి ఉంచడం కోసమట. సబ్‌గ్రేడును, అంటే రోడ్డు కింది నేలను, కాపాడటానికి దాన్ని ముట్టుకోకుండా వదిలేయడం నా ముప్పై మూడేళ్ల లెక్కల్లో ఎక్కడా లేదు.

పని 1959లో మొదలైంది. డబ్బు చాలక వంద కిలోమీటర్లు దాటాక ఆగిపోయింది. 1968లో పక్కనున్న అలాస్కాలో, ప్రుడో బే దగ్గర పెద్ద ఎత్తున చమురు పడేసరికి కెనడా ప్రభుత్వానికి ఈ రోడ్డు మళ్లీ గుర్తొచ్చింది. పూర్తయ్యేసరికి 1979 ఆగస్టు. ఇరవై ఏళ్లు. మా శాఖలో కొన్ని పనుల గురించి పత్రికలు రాసే రాతలు గుర్తొచ్చి కొంచెం ఊరట కలిగింది.

మొదటి రాత్రి 71వ కిలోమీటరు దగ్గర టూంబ్‌స్టోన్ పార్కులో ఆగాం. ఆగస్టు చివరి వారం. అక్కడ అదే ఆకురాలు కాలం. చెట్లు మోకాలెత్తుకు మించవు, కానీ కొండ మొత్తం ఎర్రగా, నారింజ రంగులో, మధ్యమధ్య పసుపుగా ఉంది. ఆరబోసిన మిరపకాయల కళ్లం చూసినవాళ్లకు ఆ ఎరుపు అర్థమవుతుంది. దాని వెనక నల్లటి రాతి శిఖరాలు, సూదిగా, చీలికలుగా. హిమానీనదాలు చెక్కిన కొండలవి. ఈ నేల ట్రొండెక్ హ్వెచిన్ అనే మూలవాసులది. 1998లో వాళ్లకూ ప్రభుత్వానికీ కుదిరిన ఒప్పందంలోంచే ఈ పార్కు పుట్టింది. రుసుము కవరులో పెట్టి పెట్టెలో వేయాలి, కట్టెలు ఉచితం. అడిగేవాడు లేడు, ఎగ్గొట్టేవాడూ కనపడలేదు. తిండి వస్తువు ఏదీ బయట ఉంచకూడదు, ఎలుగుబంట్లు వస్తాయి. మా ఆవిడ పోపు పెట్టి కిటికీ తీయబోతే అమ్మాయి కేకేసింది. ఆ పూట పోపు ఘాటుకు ముగ్గురం దగ్గుతూ భోంచేశాం. అర్ధరాత్రి ఆకాశంలో పచ్చటి వెలుగులు ఆడాయి. వాటి గురించి నేను రాయను. రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, ఎవరూ సరిగ్గా రాయలేదు.

మర్నాడు 82వ కిలోమీటరు దగ్గర నార్త్ ఫోర్క్ కనుమ. 1,300 మీటర్ల ఎత్తు, ఈ రోడ్డు మొత్తంలో అన్నిటికంటే ఎత్తైన చోటు. ఎక్కుడు నిదానంగానే ఉంది, మన శ్రీశైలం ఘాట్‌లో లాగా తల తిరిగే మలుపులు లేవు. విశేషం నీళ్లలో ఉంది. కనుమకు ఇటు పడిన వాన యూకాన్ నదిలో కలిసి బేరింగ్ సముద్రానికి పోతుంది. అటు పడినది పీల్, మెకంజీ నదుల మీదుగా ఆర్కిటిక్ సముద్రానికి పోతుంది. ఈ సంగతి చెప్పాను. ‘మరి సరిగ్గా మధ్యన పడింది?’ అంది మా ఆవిడ. ముప్పై మూడేళ్లలో ఏ ఆడిట్ పార్టీ కూడా నన్ను అలా నిలదీయలేదు.

కనుమ దిగాక కొండల స్వభావం మారింది. ఒగిల్వీ కొండలవి. వీటిలో చాలావాటిని గత మంచుయుగంలో కూడా హిమానీనదాలు తాకలేదట. వానకూ గాలికీ వాటంతటవే అరిగి, బూడిదరంగు రాశులు పోసినట్టు గుండ్రంగా మిగిలాయి. చెట్టులేదు, గడ్డిలేదు, పైనుంచి కింది దాకా రాతి పెంకులే. సున్నపురాయి. మా బేతంచెర్ల నాపరాయి జాతే. ఎవరూ క్వారీ లీజు అడగని సున్నపురాయి కొండను నేను చూడటం అదే మొదలు. ఒకచోట వాగు ఇటుక రంగులో పారుతోంది, ఒడ్డు రాళ్లూ అదే రంగు. ఇనుము కలిసిన నీళ్లు. గంధకం వాసన కొట్టింది. దానికి పెట్టిన పేరు ఇంజనీర్ క్రీక్. నా పేరు పెట్టుకున్న వాగు తాగడానికి పనికిరాదని అమ్మాయి సంతోషించింది. కాస్త ముందుకెళ్తే ఒగిల్వీ నది మీద ఉక్కు వంతెన, సైనిక ఇంజనీర్లు కట్టింది. అక్కడి గుట్టకు వాళ్ల గౌరవార్థం సాపర్ హిల్ అని పేరు పెట్టారు. దిగి వంతెన అటూ ఇటూ నడిచి, బేరింగులు వంగి చూసి వచ్చాను. రిటైరైనా ఆ జబ్బు పోలేదు.

నడిపేది అమ్మాయే. గంటకు 60 దాటనివ్వలేదు. ఎదురుగా లారీ వస్తే ఇంకా తగ్గించి దాదాపు ఆపేయాలి, లేదంటే దాని చక్రాల కింది రాళ్లు మన అద్దం మీదికే. దుమ్ము లేవకుండా రోడ్డు మీద కాల్షియం క్లోరైడు చల్లుతారు. ఎండలో అది బాగా అణిగి తారులా ఉంటుంది, వాన పడితే సబ్బు. వాన పడింది. గ్రేడరు అప్పుడే వెళ్లినట్టుంది, దాని బ్లేడు వదిలిన మట్టిగట్టు రోడ్డు మధ్యన పొడుగునా ఉంది. ముందు చక్రాలు ఆ గట్టు ఎక్కితే స్టీరింగు మన మాట వినదు. ఆ ఇరవై కిలోమీటర్లు బండిలో మాటల్లేవు. గిన్నెల చప్పుడు తప్ప. మా ఆవిడ స్టీలు గిన్నెలన్నీ తువ్వాళ్లలో చుట్టి పెట్టింది, కుక్కరు వెయిటు మాత్రం ఎక్కడో దొర్లుతూనే ఉంది.

వాన ఆగాక వెనకనుంచి టకటకమని చప్పుడు. జంట టైర్ల మధ్య పలుకురాయి ఇరుక్కుంది. ఈ ప్రాంతపు గరుసు గుండ్రటి రాయి కాదు, పలకలుగా చీలే షేల్ రాయి, అంచు కొడవలిలా ఉంటుంది. కర్రతో కొట్టి చూశాను. లోపలిది దబ్బుమంది.

రోడ్డు అంచుకు తీద్దామంటే అక్కడ నేల మెత్తన, బండి పక్కకు ఒరిగిపోతుంది. నడిరోడ్డు మీదే ఆపి దీపాలు వేశాం. జాకీ కింద పలక పెట్టకపోతే గరుసులోకి దిగబడుతుంది. పలక లేదు. మా ఆవిడ కూరగాయలు తరిగే చెక్క తెచ్చి ఇచ్చింది. అది మధ్యకు విరిగింది. అప్పుడు ఎదురుగా ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. ఈ రోడ్డు మీద ఆగిన బండిని చూసి ఆగకుండా పోయేవాళ్లు లేరు. నడివయసు భార్యాభర్తలు, ఫోర్ట్ మెక్‌ఫర్సన్ ఊరి గ్విచ్చిన్ జాతివాళ్లు. ఆయన ఏమీ అడగలేదు. మందపాటి దుంగముక్క ఒకటి తెచ్చి జాకీ కింద పెట్టాడు, రాయి ఊడబెరకడానికి గడ్డపార ఇచ్చాడు. నలభై నిమిషాల పని. ఆ నలభై నిమిషాల్లో ఆయన మాట్లాడింది రెండు ముక్కలు: అంచుకు పోవద్దు, మెల్లగా వెళ్లండి. ఈలోగా మా ఆవిడ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసింది. నీళ్లు ట్యాంకులో ఎన్ని ఉన్నాయో చూసి మరీ నానబెట్టింది, ఎండాకాలం కర్నూలులో కాపురం చేసిన మనిషి. వాళ్లు ఇష్టంగా తిన్నారు. వెళ్తూ వెళ్తూ ఆమె పొగలో ఆరబెట్టిన ఎండుచేప పొట్లం ఇచ్చింది. ఆ వాసన మా ఇంట్లో మూడు రోజులు కాపురం ఉంది.

సాయంత్రానికి 369వ కిలోమీటరు, ఈగిల్ ప్లెయిన్స్. ఒక హోటలు, ఒక బంకు, ఒక పంచరు షాపు. ఊరంటే అంతే. హోటలు అక్కడే ఎందుకు కట్టారో తెలిసి నాకు ముచ్చటేసింది. అక్కడ మాత్రం పైకే గట్టి బండ తగిలిందట. మంచు బెంగ లేకుండా పునాది వేసుకోవచ్చు. పంచరు షాపతను మా టైరు చూసి తల అడ్డంగా ఊపాడు. పక్కగోడ కోసుకుపోయింది, అతుకు పనికిరాదు. మాకు ఇక మిగిలింది ఆ రెండో స్టెప్నీ. అమ్మాయి నావైపు చూసింది. నేనేమీ అనలేదు, అనాల్సిన అవసరం రాలేదు.

హోటలు గోడల మీద పాత ఫొటోలున్నాయి. ఆ రోడ్డుకు డెంప్‌స్టర్ పేరు ఎలా వచ్చిందో అక్కడ కూర్చుని తెలుసుకోవడం మంచిది. 1910 డిసెంబరు 21న ఫిట్జ్‌గెరాల్డ్ అనే పోలీసు అధికారి మరో ముగ్గురితో, కుక్కలు లాగే బళ్లతో ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కు టపా తీసుకుని బయల్దేరాడు. త్వరగా చేరాలని తిండి తక్కువ పెట్టుకున్నాడు. కొన్నాళ్లు దారి చూపిన గ్విచ్చిన్ మనిషిని మధ్యలో పంపేశాడు. తర్వాత తిరగాల్సిన వాగు దొరకలేదు. రోజుల తరబడి వెతికి వెనక్కి మళ్లారు. కుక్కల్ని ఒక్కొక్కటే చంపి తిన్నారు. నలుగురూ ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కు అరవై కిలోమీటర్ల లోపే చచ్చిపోయారు. 1911 మార్చిలో వాళ్ల శవాలను వెతికి పట్టుకున్న పోలీసు కార్పొరల్ పేరు డెంప్‌స్టర్. ఆ కథ విన్నాక, మధ్యాహ్నం మాకు దుంగముక్క ఇచ్చిన మనిషి చెప్పిన రెండు ముక్కలూ మళ్లీ గుర్తొచ్చాయి. ఆ దారి ఆయన ముత్తాతలది.

405వ కిలోమీటరు దగ్గర ఆర్కిటిక్ వృత్తం. బోర్డు దగ్గర ఫొటో దిగాం, అందరిలాగే. తర్వాత రిచర్డ్‌సన్ కొండలు. చెట్లు పూర్తిగా పోయాయి, చూపు ఆనినంత మేర చామనఛాయ దిబ్బలు, వాటి మీద గీతలా రోడ్డు. ఇక్కడ గాలి బండ్లను పడదోస్తుందని ముందే చెప్పారు. మోటార్ హోమ్ పక్క నుంచి చూస్తే పెద్ద గోడ. ఆ గోడకు గాలి తగిలినప్పుడల్లా అమ్మాయి చేతులు స్టీరింగు మీద తెల్లబడ్డాయి. 446వ కిలోమీటరు దగ్గర, రాక్ రివర్ లోయలో నాలుగు చెట్లున్న చోట ఆపేసి పడుకున్నాం. రాత్రంతా ఇల్లు ఊగింది. తెల్లవారుజామున గాలి తగ్గగానే టైర్లు కొట్టి, కాఫీ కూడా తాగకుండా రైట్ కనుమ దాటాం. యూకాన్ అయిపోయి వాయవ్య ప్రాంతాలు మొదలయ్యేది అక్కడే. గడియారం ఒక గంట ముందుకు జరిగింది. మా ఆవిడ లెక్క ప్రకారం ఒక కాఫీ నష్టం.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. కొండలు దిగాక పీల్ నది, ఆపైన మెకంజీ నది. రెంటిమీదా వంతెనల్లేవు. ఎండాకాలం పంటు, చలికాలం గడ్డకట్టిన నది మీదే దారి. గడ్డకట్టేటప్పుడూ కరిగేటప్పుడూ రోడ్డు తెగిపోయినట్టే. పంటుకు టికెట్టు లేదు. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఎక్కినవాడిగా నాకది కొత్త కాదు, కానీ అక్కడ రేవు గరుసుతో పోసింది, నీటిమట్టం మారినప్పుడల్లా సర్దుతుంటారు. మా బండి తోక పొడుగు. దిగేటప్పుడు నేలకు రాసుకుని మురుగు పైపు మూత ఊడి నదిలో పడింది. అక్కడినుంచి వైట్‌హార్స్ దాకా ప్లాస్టిక్ సంచీ, రబ్బరు బ్యాండ్లు. అంతకంటే వివరాలు వద్దు.

ఇనువిక్‌లో ఇళ్లన్నీ నేలకు ఎత్తుగా, గుంజల మీద ఉంటాయి. ఇంటి వేడి కింది మంచుకు తగలకూడదు. నీళ్ల పైపులు, మురుగు పైపులు పాతిపెట్టరు, నేలపైనే పెట్టెల్లో వీధి వెంట పోతుంటాయి. ఆ ఊళ్లో చిన్న మసీదు ఉంది. 2010లో విన్నిపెగ్‌లో కట్టి, నాలుగు వేల కిలోమీటర్లు లారీ మీదా, తర్వాత మెకంజీ నదిలో బార్జి మీదా తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. మేం ఇంటితో పాటు తిరగడం గొప్పనుకున్నాం.

అక్కడినుంచి సముద్రం ఒడ్డున ఉన్న టుక్టోయాక్టుక్ దాకా 138 కిలోమీటర్ల కొత్త రోడ్డు, 2017 నవంబరులో తెరిచారు. అంతకుముందు ఆ ఊరికి ఏడాది పొడవునా వెళ్లే రోడ్డు లేదు. దీన్ని ఎక్కువగా చలికాలాల్లోనే కట్టారు, నేల గడ్డకట్టి ఉన్నప్పుడు. నాచు మీద గట్టి బట్ట పరిచి, దానిపైన గరుసు. ఎక్కడా కట్టింగు లేదు, అంతా ఫిల్లింగే. కొన్నిచోట్ల అంచులు జారి ఉన్నాయి, రోడ్డు కుంగి ఉంది. కింద మంచు కరుగుతోంది. ఇంకా ఎన్ని లారీల గరుసు పోస్తే నిలుస్తుందో లెక్క వేయబోయి మానేశాను. ఆ ఊళ్లో సముద్రం ఒడ్డును కోసుకుపోతోంది, కొన్ని ఇళ్లను ఇప్పటికే లోపలికి జరిపారు. మా ఆవిడ ఆర్కిటిక్ సముద్రంలో కాళ్లు పెట్టి, వెంటనే తీసి, ‘అయింది, పదండి’ అంది.

వచ్చిన దారినే తిరిగొచ్చాం. రెండో స్టెప్నీ బిగించే అవసరం రాలేదు. అద్దం మీద మాత్రం మూడు నక్షత్రాలు పడ్డాయి. వైట్‌హార్స్‌లో అద్దె ఆఫీసువాళ్లు వాటిని టార్చిలైటు వేసి లెక్కపెట్టి, టైరుకూ మూతకూ కలిపి డిపాజిట్‌లో కోసుకున్నారు. కోసుకోనివ్వండి. ఆ దారిన వెళ్లేవాళ్లకు నాది ఒకటే మాట. కొండలూ రంగులూ వాటంతటవే కనపడతాయి, వాటికోసం ఏర్పాట్లు అక్కర్లేదు. జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్క ఒకటి కొనుక్కోండి. రెండో స్టెప్నీ ఇచ్చేదాకా ఆ ఆఫీసు మెట్లు దిగకండి.